సర్వర్‌లో ఏమేం ఉన్నాయి? ప్యాకేజీల లిస్టు తీయడం, భద్రంగా చూసుకోవడం ఎలా

ఇంకెవరో నడిపిన సర్వర్ మీ చేతికి వచ్చిందనుకోండి. మొదటి రోజు అప్‌డేట్ చేయాలనిపిస్తుంది, పాతవన్నీ తీసేసి శుభ్రం చేయాలనిపిస్తుంది. ఆ రోజుకు రెండూ వద్దు. ముందు అందులో ఏమేం ఇన్‌స్టాల్ అయి ఉన్నాయో లిస్టు తీసి, దాన్ని ఆ సర్వర్ బయట ఇంకోచోట దాచుకోండి. మిగతా పనులన్నీ ఆ తర్వాతే.

ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక ఉబుంటు (ఒక రకం లినక్స్) సర్వర్ అప్పగించారు. డిస్క్ దాదాపు నిండిపోయి ఉంది. ఇక అవసరం లేని ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసే సాఫ్ట్‌వేర్ మూటలు) ఇన్ని ఉన్నాయని ఆ సిస్టమే చూపిస్తుంటే, సరే అని తీసేశాను. మర్నాడు పొద్దున బిల్లింగ్ ప్రోగ్రామ్ స్టార్ట్ కాలేదు. కౌంటర్ దగ్గర జనం, ఇటు నాకు టెన్షన్. ఆ ప్రోగ్రామ్‌ను ఎప్పుడో ఎవరో సోర్స్ (అసలు కోడ్) నుంచి కంపైల్ చేసి పెట్టారు. దానికి కావాల్సిన లైబ్రరీ (ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ఫైల్) ఒకటి ఇంకేదో ప్యాకేజీతో పాటు వచ్చి కూర్చుంది. దాన్ని వాడే ప్రోగ్రామ్ ఉందని ప్యాకేజీ మేనేజర్‌కు (ప్యాకేజీలను పెట్టే, తీసే ప్రోగ్రామ్) తెలియదు, నాకూ తెలియదు. ఏం పోయిందో కనిపెట్టడానికే సగం రోజు పట్టింది. తీసేసిన ప్రతి ప్యాకేజీ పేరూ ఒక లాగ్ ఫైల్‌లో రాసి ఉంటుందని అప్పుడు తెలిసి ఉంటే అది పది నిమిషాల పని. ఆ ఫైల్ సంగతి కింద చెప్తాను.

కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు వాటి ఇంగ్లిష్ స్పెల్లింగ్ వాడండి, అన్నీ చిన్న అక్షరాల్లో. పెద్ద అక్షరం కావాల్సిన చోట “పెద్ద” అని విడిగా చెప్తాను. లినక్స్‌లో చిన్న ఎల్‌కు ఒక అర్థం, పెద్ద ఎల్‌కు ఇంకో అర్థం ఉంటాయి కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

ముందు ఏ సిస్టమో తేల్చుకోండి

“ఇది సెంట్ఓఎస్ అండీ” అని అప్పగించిన సర్వర్ తెరిచి చూస్తే డెబియన్ అయి ఉండటం నేను చూశాను. నోటిమాట నమ్మకండి. ఇప్పటి లినక్స్ దాదాపు ఏదైనా ఈ ఒక్క కమాండ్ చాలు:

క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్

అందులో పేరు, వెర్షన్ ఉంటాయి. “ఐడీ లైక్” అనే లైన్ ఉంటే ఇది ఏ కుటుంబానికి చెందిందో కూడా తెలుస్తుంది. అల్మాలినక్స్, రాకీ లినక్స్ లాంటివి రెడ్ హ్యాట్ కుటుంబం. ఉబుంటు డెబియన్ కుటుంబం. కుటుంబం తెలిస్తే ఏ కమాండ్లు వాడాలో తెలిసినట్టే.

డెబియన్, ఉబుంటు

ఇక్కడ రెండు అంతస్తులు ఉన్నాయి. కింద డీపీకేజీ, పైన ఆప్ట్ (స్పెల్లింగ్ ఏ, పీ, టీ). ఏ ఫైల్ ఎక్కడ ఉంది, ఏ ప్యాకేజీ ఏ స్థితిలో ఉంది అనే లెక్కంతా డీపీకేజీ చూసుకుంటుంది. రిపాజిటరీల (ప్యాకేజీలు దొరికే ఆన్‌లైన్ నిల్వలు, పొట్టిగా రెపోలు) నుంచి తెచ్చిపెట్టడం, డిపెండెన్సీలు (ఒక ప్యాకేజీకి అవసరమైన వేరే ప్యాకేజీలు) కలపడం ఆప్ట్ పని.

మొత్తం లిస్టు కోసం:

డీపీకేజీ -ఎల్

ప్రతి లైన్ మొదట్లో రెండు అక్షరాలు కనిపిస్తాయి. చాలామంది వాటిని దాటేసి పేరు దగ్గరికి వెళ్లిపోతారు. అసలు సంగతి ఆ రెండు అక్షరాల్లోనే ఉంటుంది. మొదటిది మనం ఏం కోరుకున్నామో, రెండోది ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చెప్తుంది. “ఐ ఐ” అంటే కోరుకున్నాం, సరిగ్గా ఇన్‌స్టాల్ అయింది. “ఆర్ సీ” అంటే ప్యాకేజీ తీసేశారు కానీ దాని కాన్ఫిగరేషన్ (సెట్టింగుల) ఫైళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. మొదటి అక్షరం “హెచ్” అయితే ఆ ప్యాకేజీని ఎవరో కదలకుండా పట్టి ఉంచారు. రెండో అక్షరం పెద్ద యూ గానీ పెద్ద ఎఫ్ గానీ అయితే ఇన్‌స్టాల్ సగంలో ఆగింది. అలాంటివి కనిపిస్తే ఇంకేమీ చేయకముందే “డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ” నడిపి ఆ సగం పని పూర్తి చేయించండి.

“ఆప్ట్ లిస్ట్ --ఇన్‌స్టాల్డ్” అన్నా లిస్టు వస్తుంది, కంటితో చూసుకోవడానికి బాగుంటుంది. కానీ స్క్రిప్టుల్లో దాన్ని వాడకండి. దాని అవుట్‌పుట్ రూపం మారొచ్చని ఆప్ట్ తానే హెచ్చరిస్తుంది. స్క్రిప్టుకు “డీపీకేజీ-క్వెరీ -డబ్ల్యూ” (పెద్ద డబ్ల్యూ) నమ్మకమైనది. పేరు, వెర్షన్ మాత్రమే ఇస్తుంది.

ఈ లిస్టులో వందల పేర్లు ఉంటాయి. వాటిలో మనుషులు అడిగి పెట్టించినవి కొన్నే. మిగతావి వాటి వెంట వచ్చినవి. పెళ్లికి మనం పిలిచినవాళ్లు వేరు, వాళ్లతో పాటు వచ్చినవాళ్లు వేరు కదా, అలాగే. పిలిచినవాళ్ల లిస్టు ఇలా తీయాలి:

ఆప్ట్-మార్క్ షోమాన్యువల్

నా దృష్టిలో డెబియన్ సర్వర్ మీద అన్నిటికన్నా విలువైన కమాండ్ ఇదే. సర్వర్ రేపు కూలిపోతే కొత్తది కట్టడానికి కావాల్సింది ఈ చిన్న లిస్టే, వందల పేర్ల పెద్ద లిస్టు కాదు. దీన్ని ఫైల్‌లో పెట్టుకుని, కొత్త సర్వర్ మీద ఆ పేర్లను ఆప్ట్ ఇన్‌స్టాల్‌కు ఇస్తే డిపెండెన్సీలు వాటంతట అవే వస్తాయి. దీంతో పాటు /ఈటీసీ/ఆప్ట్ ఫోల్డర్‌ను కూడా కాపీ చేసుకోండి. రిపాజిటరీల చిరునామాలు లేకుండా పేర్లు మాత్రమే ఉంటే బయటి రెపోల నుంచి తెచ్చినవి దొరకవు.

ఒక ఫైల్ ఏ ప్యాకేజీదో తెలియాలంటే “డీపీకేజీ -ఎస్” (పెద్ద ఎస్) తర్వాత ఫైల్ దారి ఇవ్వండి. ఒక ప్యాకేజీ ఏయే ఫైళ్లు పెట్టిందో చూడాలంటే “డీపీకేజీ -ఎల్”లో ఎల్ పెద్దది వేసి ప్యాకేజీ పేరు ఇవ్వండి. ఏ రెపోలోనూ ఇప్పుడు లేని ప్యాకేజీలు, అంటే ఎవరో చేత్తో తెచ్చి పెట్టినవో, రెపో నుంచి తొలగిపోయినవో తెలియాలంటే “ఆప్ట్ లిస్ట్” తర్వాత కోట్స్‌లో “?అబ్సొలీట్” అని ఇవ్వండి. వాటికి అప్‌డేట్లు ఎక్కడి నుంచీ రావు. అందుకే ఆ పేర్లను విడిగా రాసుకోండి.

ఇక తీసేయడం. “ఆప్ట్ రిమూవ్” ప్యాకేజీని తీసి కాన్ఫిగరేషన్‌ను ఉంచుతుంది. “ఆప్ట్ పర్జ్” కాన్ఫిగరేషన్‌నూ తుడిచేస్తుంది. అనుమానం ఉంటే రిమూవ్ దగ్గరే ఆగండి. వెనక్కి రావడం తేలిక. “ఆప్ట్ ఆటోరిమూవ్” మాత్రం నన్ను ఆ రోజు ముంచిన కమాండ్. దాని వెనక -ఎస్ చేర్చి నడిపితే నిజంగా తీయకుండా ఏం తీస్తుందో మాత్రం చెప్తుంది. ఆ లిస్టును ఒక్కో పేరూ చదవండి. అందులో మీకు కావాల్సింది ఉంటే “ఆప్ట్-మార్క్ మాన్యువల్” తర్వాత దాని పేరు ఇవ్వండి. ఇక ఆటోరిమూవ్ దాని జోలికి రాదు. నా బిల్లింగ్ సర్వర్‌కు ఈ ఒక్క లైన్ సరిపోయేది.

జరిగింది ఏమిటో చూడాలంటే /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్ (వార్ స్పెల్లింగ్ వీ, ఏ, ఆర్) తెరవండి. ఎప్పుడు, ఏ కమాండ్‌తో, ఏయే ప్యాకేజీలు వచ్చాయి, ఏవి పోయాయి అన్నీ తేదీలతో ఉంటాయి. సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే కమాండ్) వాడి ఉంటే ఏ యూజర్ చేశారో కూడా ఉంటుంది. పాత నెలలవి జీజిప్ చేసి అదే ఫోల్డర్‌లో ఉంటాయి, వాటిని “జెడ్‌లెస్”తో చదవొచ్చు. మొదట్లో చెప్పిన లాగ్ ఫైల్ ఇదే.

రెడ్ హ్యాట్ కుటుంబం

ఇక్కడ కింది అంతస్తు ఆర్‌పీఎం, పై అంతస్తు డీఎన్ఎఫ్. పాతవాటిలో యమ్ (స్పెల్లింగ్ వై, యూ, ఎం). రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 నుంచి యమ్ అని టైప్ చేసినా నడిచేది డీఎన్ఎఫే.

ఆర్‌పీఎం -క్యూఏ

అంటే మొత్తం లిస్టు. దాని వెనక “--లాస్ట్” చేర్చితే చివరగా వచ్చినవి పైన ఉంటాయి. “నిన్నటి దాకా బాగానే ఉంది, ఇవాళ పని చేయట్లేదు” అని ఫోన్ వస్తే నేను మొదట నడిపేది ఇదే. చాలాసార్లు జవాబు మొదటి పది లైన్లలోనే ఉంటుంది.

ఫైల్ ఏ ప్యాకేజీదో “ఆర్‌పీఎం -క్యూఎఫ్”, ప్యాకేజీ ఫైళ్లు “-క్యూఎల్”, కాన్ఫిగరేషన్ ఫైళ్లు మాత్రమే అయితే “-క్యూసీ”. మనుషులు అడిగి పెట్టించినవి చూడాలంటే “డీఎన్ఎఫ్ రెపోక్వెరీ --యూజర్‌ఇన్‌స్టాల్డ్”. ఏ రెపోలోనూ లేనివి “డీఎన్ఎఫ్ లిస్ట్ --ఎక్స్‌ట్రాస్”.

“ఆర్‌పీఎం -వీ” (పెద్ద వీ) గురించి కొంచెం ఆగి చెప్పాలి. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయినప్పుడు ఫైళ్లు ఎలా ఉన్నాయి, ఇప్పుడు ఎలా ఉన్నాయి అని పోల్చి చూపిస్తుంది. పెద్ద ఎస్ కనిపిస్తే సైజు మారింది, 5 కనిపిస్తే లోపలి విషయం మారింది, పెద్ద టీ అంటే సమయం మారింది. పక్కన చిన్న సీ ఉంటే అది కాన్ఫిగరేషన్ ఫైల్, దాన్ని మనమే మార్చి ఉంటాం కాబట్టి కంగారు లేదు. కానీ /యూఎస్ఆర్/బిన్‌లో ఉన్న ప్రోగ్రామ్ పక్కన 5 కనిపిస్తే ఆ పూటకు మిగతా పనులు ఆపి అదేంటో తేల్చాలి. డెబియన్‌లోనూ “డీపీకేజీ -వీ” (పెద్ద వీ) దాదాపు ఇదే పని చేస్తుంది.

డీఎన్ఎఫ్‌లో నాకు బాగా నచ్చేది హిస్టరీ. “డీఎన్ఎఫ్ హిస్టరీ” అంటే ఇప్పటిదాకా జరిగిన ప్రతి మార్పుకూ ఒక నంబర్ ఇచ్చి చూపిస్తుంది. “డీఎన్ఎఫ్ హిస్టరీ ఇన్ఫో 25” అంటే 25వ మార్పులో ఏం జరిగిందో చెప్తుంది. “డీఎన్ఎఫ్ హిస్టరీ అన్‌డూ 25” దాన్ని వెనక్కి తిప్పుతుంది. పాత వెర్షన్ ఇంకా రెపోలో దొరికితేనే ఇది కుదురుతుంది. అందుకని దీన్నే నమ్ముకుని ధైర్యం చేయకండి, పెద్ద అప్‌డేట్‌కు ముందు స్నాప్‌షాట్ (సర్వర్ అప్పటి స్థితి మొత్తం కాపీ) తీసుకోండి.

డెబియన్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఒక తేడా గమనించాలి. “ఆప్ట్ రిమూవ్” వెంట వచ్చిన డిపెండెన్సీలను అలాగే ఉంచుతుంది. “డీఎన్ఎఫ్ రిమూవ్” మామూలుగా వాటిని కూడా అప్పుడే తీసేస్తుంది. వద్దనుకుంటే “--నోఆటోరిమూవ్” చేర్చాలి. “అవును” అని వై నొక్కే ముందు ఆ లిస్టు మొత్తం చదవడం ఇక్కడ ఇంకా ముఖ్యం.

ఓఎస్-రిలీజ్‌లో సెంట్ఓఎస్ 7 అని కనిపిస్తే, దానికి 2024 జూన్ 30తో సపోర్ట్ ముగిసింది. సెంట్ఓఎస్ లినక్స్ 8కి అంతకన్నా ముందే, 2021 డిసెంబర్ 31న ముగిసింది. అలాంటప్పుడు మీరు తీసే లిస్టు కొత్త సిస్టమ్‌కు మారడానికి పనికొస్తుంది.

వెర్షన్ నంబర్ చూసి భయపడకండి

సెక్యూరిటీ ఆడిట్ రిపోర్ట్ వచ్చినప్పుడు చాలామందికి ఇక్కడే తికమక. “మీ ఓపెన్ఎస్ఎస్ఎల్ పాతది, ప్రమాదం” అని ఎర్ర రంగులో ఉంటుంది. మీరు నిన్ననే అప్‌డేట్ చేశారు. మరి ఇదేంటి?

ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే లోపాన్నే తీసుకోండి. ఓపెన్ఎస్ఎస్ఎల్ వాళ్లు 1.0.1జీ వెర్షన్‌లో దాన్ని సరిచేశారు. కానీ రెడ్ హ్యాట్, డెబియన్ తమ స్థిరమైన వెర్షన్లలో ఆ కొత్తదాన్ని తేలేదు. తమ దగ్గరున్న 1.0.1ఈ వెర్షన్‌కే ఆ ఒక్క మరమ్మతు చేర్చి, చివర్లో ఉండే తమ సొంత నంబర్‌ను పెంచాయి. దీన్నే బ్యాక్‌పోర్ట్ అంటారు. ముందున్న నంబర్ చూస్తే పాతదే, లోపల మాత్రం లోపం సరిచేసి ఉంది. ఉన్న వెర్షన్‌ను కదపకపోతే దాని మీద ఆధారపడిన మిగతావి చెడిపోవు కాబట్టి అలా చేస్తారు.

ముందు నంబర్ ఒక్కటే చూసే స్కానర్‌కు ఇదంతా తెలియదు. జవాబు మీరు చెప్పాలి. “ఆర్‌పీఎం -క్యూ --చేంజ్‌లాగ్ ఓపెన్ఎస్ఎస్ఎల్” అంటే మార్పుల చిట్టా వస్తుంది. అందులో ఆ లోపం సీవీఈ నంబర్ (ప్రతి భద్రతా లోపానికీ ఇచ్చే గుర్తింపు నంబర్) వెతకండి. డెబియన్, ఉబుంటులో “ఆప్ట్ చేంజ్‌లాగ్” తర్వాత ప్యాకేజీ పేరు. ఆ లైన్ కాపీ చేసి రిపోర్ట్‌కు జతచేస్తే చాలు. ఆడిట్‌కు భయపడి సోర్స్ నుంచి కొత్త వెర్షన్ కంపైల్ చేసి పెట్టకండి. ఆ రోజు నుంచి దాని అప్‌డేట్ల బాధ్యత మొత్తం మీ నెత్తిన పడుతుంది.

మిగతా సిస్టమ్‌లు

సూసే అనే లినక్స్ అయితే “జిప్పర్ సెర్చ్ --ఇన్‌స్టాల్డ్-ఓన్లీ” (జిప్పర్ స్పెల్లింగ్ జెడ్, వై, పీ, పీ, ఈ, ఆర్). కింద ఉన్నది ఆర్‌పీఎమ్మే కాబట్టి పైన చెప్పిన ఆర్‌పీఎం కమాండ్లన్నీ నడుస్తాయి. రెపో లేక అనాథగా మిగిలినవి చూడాలంటే “జిప్పర్ ప్యాకేజెస్ --ఆర్ఫన్డ్”.

డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటైనర్లు అనే విడి పెట్టెల్లో నడిపే సాధనం) ఇమేజ్‌లలో తరచు కనిపించే ఆల్పైన్ లినక్స్‌లో “ఏపీకే ఇన్ఫో”, వెర్షన్లతో కలిపి కావాలంటే “ఏపీకే ఇన్ఫో -వీ”. మనుషులు అడిగినవన్నీ /ఈటీసీ/ఏపీకే/వరల్డ్ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి.

ఫ్రీబీఎస్‌డీలో ఒక సంగతి తెలియకపోతే లిస్టు తప్పుగా అర్థమవుతుంది. అక్కడ సంప్రదాయంగా మూల సిస్టమ్ వేరు, పైన పెట్టుకునే ప్యాకేజీలు వేరు. “పీకేజీ ఇన్ఫో” చూపించేది ప్యాకేజీలనే. మూల సిస్టమ్ ఏ ప్యాచ్ దాకా వచ్చిందో “ఫ్రీబీఎస్‌డీ-వెర్షన్” చెప్తుంది. రెండూ రాసుకోండి. “పీకేజీ ప్రైమ్-లిస్ట్” అడిగి పెట్టించినవి చూపిస్తుంది. “పీకేజీ ఆడిట్ -ఎఫ్” (పెద్ద ఎఫ్) అయితే లోపాల జాబితా తెచ్చుకుని మీ ప్యాకేజీల్లో ఏవి ప్రమాదకరమో అక్కడికక్కడే చెప్పేస్తుంది. ఇంత తేలికైన పద్ధతి మిగతా సిస్టమ్‌లలోనూ మొదటి నుంచీ ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు.

విండోస్ సర్వర్

విండోస్‌లో కమాండ్ అక్షరాలు పెద్దవైనా చిన్నవైనా ఒకటే. పవర్‌షెల్ తెరవండి. ఇంటర్నెట్‌లో వెతికితే మొదట దొరికే సలహా “విన్32_ప్రొడక్ట్”ను అడగమని. నడుస్తున్న సర్వర్ మీద అది వాడొద్దు. అది లిస్టు ఇవ్వడంతో ఆగదు. విండోస్ ఇన్‌స్టాలర్‌తో పెట్టిన ప్రతి ప్రోగ్రామ్ సరిగ్గా ఉందా అని తనిఖీ మొదలుపెడుతుంది, తేడా కనిపిస్తే మరమ్మతు కూడా చేయొచ్చు. లిస్టు అడిగిన పాపానికి సర్వర్‌లో మార్పులు జరగడం ఎవరికీ ఇష్టం ఉండదు.

దానికి బదులు రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) చదవండి. హెచ్‌కేఎల్ఎం కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, అన్‌ఇన్‌స్టాల్ అనే దారిలో ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక కీ ఉంటుంది. అందులో పేరు, వెర్షన్ ఉంటాయి. 32 బిట్ ప్రోగ్రామ్‌లు ఇక్కడ కనిపించవు. అదే దారిలో సాఫ్ట్‌వేర్ తర్వాత “వావ్6432నోడ్” (డబ్ల్యూ, ఓ, డబ్ల్యూ, ఆ వెంటనే నంబర్, నోడ్) అనే కొమ్మ కిందకు వెళ్లాలి. రెండూ చదివితేనే లిస్టు పూర్తవుతుంది. సర్వర్ రోల్స్, ఫీచర్ల కోసం “గెట్-విండోస్‌ఫీచర్” విడిగా నడపండి. ఐఐఎస్, డీఎన్ఎస్ లాంటివి దీంట్లో కనిపిస్తాయి.

లిస్టుకు దొరకనివి

ఇంత చేసినా కొన్ని మిగిలిపోతాయి. 2021 డిసెంబర్‌లో లాగ్4జే (జావా ప్రోగ్రామ్‌లు లాగ్ రాయడానికి వాడే లైబ్రరీ) లోపం బయటపడినప్పుడు ఇది ఎంతోమందికి అనుభవమైంది. ప్యాకేజీల లిస్టులో ఆ పేరు లేదు కాబట్టి మాకు లేదు అనుకున్నారు. తీరా చూస్తే ఏదో జావా అప్లికేషన్ ఫోల్డర్‌లో, జార్ ఫైల్ (జావా కోడ్ మూట) లోపల ఇంకో జార్‌గా అది ఉంది.

కాబట్టి ఇవి కూడా చూడండి. పైథాన్‌కు “పిప్ లిస్ట్”, ప్రతి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో విడివిడిగా. నోడ్‌కు “ఎన్‌పీఎం లిస్ట్ -జీ”, తర్వాత ప్రాజెక్ట్ ఫోల్డర్లలో. ఉబుంటులో “స్నాప్ లిస్ట్”. కంటైనర్లు ఉంటే “డాకర్ ఇమేజెస్”. చివరగా /ఓపీటీ, /యూఎస్ఆర్/లోకల్ ఫోల్డర్లను మీరే తెరిచి చూడండి. చేత్తో కంపైల్ చేసినవి సాధారణంగా అక్కడే ఉంటాయి. అలాంటి ప్రోగ్రామ్ కనిపిస్తే “ఎల్‌డీడీ” తర్వాత దాని దారి ఇవ్వండి. అది ఏయే లైబ్రరీల మీద ఆధారపడిందో చెప్తుంది. ఆ లైబ్రరీల ప్యాకేజీలను పైన చెప్పినట్టు మాన్యువల్‌గా గుర్తు పెట్టేయండి.

లిస్టును దాచడం, అప్‌డేట్ తర్వాత చూడాల్సింది

ఒకసారి తీసిన లిస్టు నెలకే పాతబడుతుంది. క్రాన్‌లో (లినక్స్‌లో పనులను వేళకు తానే నడిపేది) ఒక చిన్న పని పెట్టండి. రోజూ లిస్టును తేదీ పేరుతో ఫైల్‌లో రాసి ఇంకో మెషీన్‌కు పంపాలి, అంతే. తేడా చూడాలంటే రెండు తేదీల ఫైళ్లకు “డిఫ్” నడపండి. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ యుటిల్స్ (ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్) 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉందని బయటపడినప్పుడు, ఇలాంటి ఫైళ్లు ఉన్నవాళ్లు అన్ని సర్వర్ల లిస్టుల్లో ఒకేసారి గ్రెప్ (మాటలు వెతికే కమాండ్) చేసి నిమిషాల్లో జవాబు చెప్పగలిగే పరిస్థితి. లేనివాళ్లు ఒక్కో సర్వర్‌లోకీ లాగిన్ అయి చూడాల్సిందే.

అడిగి పెట్టించిన ప్యాకేజీల చిన్న లిస్టుకు మాత్రం నేను చేత్తో ఇంకో గడి చేరుస్తాను: ఎందుకు. “పేరోల్ రిపోర్టుల పీడీఎఫ్ కోసం” అని నాలుగు మాటలు చాలు. కదలకుండా పట్టి ఉంచిన ప్యాకేజీలకైతే (డెబియన్‌లో “ఆప్ట్-మార్క్ హోల్డ్”, రెడ్ హ్యాట్‌లో వెర్షన్‌లాక్ ప్లగిన్) ఎందుకు ఆపారో, ఎప్పుడు వదలాలో రెండూ రాయండి. కారణం రాయని హోల్డ్‌లు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయి, సెక్యూరిటీ అప్‌డేట్లు రాకుండా ఆపేస్తాయి.

అప్‌డేట్ చేశాక లిస్టులో కొత్త వెర్షన్ కనిపించినంత మాత్రాన పని అయిపోలేదు. ముందు నుంచీ నడుస్తున్న సర్వీసులు మెమరీలో పాత లైబ్రరీనే పట్టుకుని ఉంటాయి. రెడ్ హ్యాట్‌లో “నీడ్స్-రీస్టార్టింగ్ -ఆర్” నడిపితే రీబూట్ కావాలో వద్దో చెప్తుంది. ఉబుంటులో /వార్/రన్/రీబూట్-రిక్వైర్డ్ అనే ఫైల్ ఉంటే రీబూట్ కావాలని అర్థం. “నీడ్‌రీస్టార్ట్” ప్యాకేజీ ఉంటే ఏ సర్వీసును రీస్టార్ట్ చేయాలో పేర్లతో సహా చూపిస్తుంది. ఆ సర్వీసులను వాడేవాళ్లకు ముందే చెప్పి, రద్దీ లేని వేళ చూసి రీస్టార్ట్ చేయండి. తర్వాత ఆ రోజు లిస్టును మళ్లీ ఒకసారి తీసి పెట్టుకోండి.